దోసెడు టెంకజీడి

మొన్న ముసురు పట్టిన వారంలో ఒకరోజు, మినపప్పు కోసం స్టూలెక్కి వంటింటి పై అరలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన స్టీలు డబ్బా ఒకటి చేతికి తగిలింది. మా ఆఫీసులో ఒకావిడ కాశ్మీరు యాత్రకు వెళ్ళొచ్చి అందరికీ తలా కాసిని పంచిన అక్రోట్లు అందులో ఉన్నాయి, పెంకు తీసిన పప్పు సగం, పెంకుతో ఉన్న కాయలు సగం. ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వేడి తగిలితే మక్కిపోతాయి అని ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను పార్వతీపురం ఎండాకాలం మొత్తం వాటిని స్టవ్వు నెత్తిన ఉడకబెట్టాను. మూత తీయగానే పాత నూనె వాసన, తడిసి ఆరని గోనెసంచి వాసన, ఆ రెంటి వెనకాల సన్నగా గొంతుకు పట్టుకునే చేదు వాసన ఒకటి గుప్పున కొట్టేసరికి, నేను ఆ స్టూలు మీద అలాగే ఉండిపోయాను. నలభై దాటిన మనిషిని, ఆఫీసులో పదిమందికి సమాధానం చెప్పే మనిషిని, పదేళ్ళ గుంటనైపోయి, హుకుంపేట కొండల్లో పొగచూరిన ఇంట్లో మా మామ్మ నడుం పక్కన ఇరుక్కుని కూర్చున్నాను.

మా కొండల్లో మామిడి అంటే పండు ఒక్కటే కాదు. మామిడి కొత్త జరిగి, ఊరి అమ్మోరికి మొదటి కాయ పెట్టేదాకా ఎవరూ చెట్టు వంక కన్నెత్తి చూడకూడదు. ఆ పండగ అయిందంటే రెండు నెలలపాటు పిల్లలం మాకు పట్టపగ్గాలుండేవి కావు. కొండ మామిడి చిన్నది, పీచెక్కువ, తీపి కంటే పులుపెక్కువ, అయినా మూతి చుట్టూ సొన కాలి మచ్చలు పడేదాకా తినేవాళ్ళం. పండు ఎక్కడ తిన్నా టెంక మాత్రం పారేయకూడదు, ఒళ్ళో కట్టుకుని ఇంటికి తేవాల్సిందే. ఇంటి ముందు కుప్పపోసిన టెంకలు ఈగలు ముసిరి, ఎండి, పీచు తెల్లబడి, చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల లొటలొటమన్నాక, బండ మీద పెట్టి రాతితో పగలగొట్టి జీడి తీసి, అడ్డాకులు పరిచిన వెదురుబుట్టలో పోసి, పొయ్యి నెత్తిన ఉన్న అటక మీదికి ఎక్కించేవాళ్ళు. కింద పొయ్యి రోజూ వెలుగుతుంటే పొగ తగిలి జీడికి పురుగూ బూజూ పట్టవు. ఎండకముందు పచ్చిగా జారిపోయే జీడి మాత్రం పిల్లల వంతు. రెండు వేళ్ళ మధ్య పెట్టి, ‘ఎటు తీసుకెల్తావే’ అని అడిగి నొక్కితే అది ఎటు ఎగిరితే అటు దిక్కు ఊరికి మనం పోతామని లెక్క. మా ఊరి వాగుని గెడ్డ అంటాం, నాది ప్రతిసారీ ఆ గెడ్డ అవతలికే ఎగిరేది. అలా ఎగిరేటట్టు నేనే వేలు తిప్పి నొక్కేదాన్నని ఇప్పుడు ఒప్పుకున్నా ఎవరూ కొట్టరు.

చోళ్ళు, అంటే రాగులు, సామలు కోతకొచ్చేది వానలు వెనకబట్టాకే. పోయినేటి గింజలేమో ఆషాఢానికి అడుగంటేవి. ఆ మధ్య రెండు నెలలూ అటక మీది జీడే దిక్కు. పాత గుడ్డలో మూటకట్టి పారే నీళ్ళలో ఒక రాత్రంతా రాయికింద పెడితే చేదు దిగిపోయేది. మళ్ళీ పొయ్యి పక్కన ఆరబెట్టి, రోట్లో దంచి, ఆ పిండితో అంబలి కాచేవాళ్ళు. వేడివేడిగా, కాల్చిన ఎండుమిరపకాయ నంజుకుని తాగితే కడుపు నిండా బరువుగా, హాయిగా ఉండేది. చల్లారిందంటే గోడలకు పూసుకోవడానికే పనికొస్తుందని మా నాన్న అనేవాడు, అంటూనే దాక నాకేసేవాడు.

పాడైన జీడి తింటే మనిషి పోతాడు. ఈ మాట మా ఇళ్ళల్లో ఎవరూ పైకి అనరు. గాలి తగిలింది అంటారు, అమ్మోరు చూసింది అంటారు, కానీ నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. చిక్కల్లా అది కంటికి దొరకకపోవడమే. మా ఇళ్ళకు కిటికీలు లేవు, వానాకాలం మధ్యాహ్నానికి కూడా మసకే, జీడి ఏమో పొగకు పైన అంతా నల్లగానే ఉంటుంది. బూజు పుట్టేది రెండు బద్దలూ కలిసే చోట, లోపల. మంచి జీడి విరిస్తే టక్కుమని విరిగి లోపల కొబ్బరిలా తెల్లగా ఉంటుంది, మెత్తగా వంగితే అనుమానించాలి, నల్లగీత కనిపిస్తే పారెయ్యాలి. కానీ పది విరిచి చూసి పదకొండోదాన్ని వదిలేస్తే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మా ఊళ్ళో కంటికంటే ముక్కును నమ్మేవారు. మంచి జీడికి పొగ వాసన, దాని వెనకాల పచ్చి చింతపిక్క వాసన. చెడ్డదానికి ఇందాక నేను చెప్పిన మా అక్రోట్ల వాసన. ఆ తేడా బుట్ట అటక మీదినుంచి దింపుతుండగానే చెప్పగల ముక్కు ఊరంతటికీ ఒక్కటే ఉండేది, అది మా మామ్మది.

మా మామ్మ మా నాన్న తల్లి. పొట్టి మనిషి, నల్లటి గట్టి మనిషి, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ చుట్ట తీయకుండానే అందర్నీ తిట్టగలిగేది. తాత పోయాక పోడు పని చేతకాక ఇంటిపట్టున ఉండేది. వానలు పట్టాక ఒక్కొక్క ఇంటివాళ్ళే వచ్చి, ‘అత్తా, మా బుట్ట దించినాం, ఓసారి రా’ అని పిలిస్తే, వానకు ఆకుల గిడుగు గొడుగులా నెత్తిన వేసుకుని, పండక్కి వెళ్తున్నట్టు వెళ్ళేది. బుట్ట ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆ కాసేపూ ఇంట్లో పసిపిల్లల్ని కూడా ఏడవనిచ్చేవాళ్ళు కాదు. బాగుంటే ‘ఊఁ’ అనేది. బాగోకపోతే ఏమీ అనకుండా లేచి చేతులు కడుక్కునేది, వాళ్ళకి అర్థమైపోయేది.

దీనికి రెండు కట్టుబాట్లుండేవి. వాసన చూసిన రోజు రోలు ముట్టకూడదు, మర్నాడు పొద్దెక్కాకే దంచుకోవాలి, లేకపోతే అమ్మోరికి కోపం. రెండోది, వాసన చూసినందుకు మామ్మ వంతు దోసెడు జీడి ఇచ్చి పంపాలి. ఆ దోసెడునీ మామ్మ అప్పటికప్పుడు ఇంటికి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో నాలుగుసార్లు వార్చి, నూరి, తన చిన్న దాకలో కాచుకుని, గుమ్మం దగ్గర కూర్చుని ఒక్కతే తాగేది. నాకు, నా చెల్లి చిట్టికి చుక్క పెట్టేది కాదు. మేమిద్దరం ఎదురుగా కూర్చుని గుటకలు మింగుతూ చూసేవాళ్ళం. చిట్టి చెయ్యి చాపితే చేతి మీద ఒకటి వేసేది.

“రేపు పెడతాను పోవే. ఇది నా వొంతు,” అనేది.

మర్నాడు ఇంట్లో అందరికీ కాచిన అంబలే మాకూ పెట్టేవాళ్ళు, కానీ పిల్లలకు రేపు అన్నది ఒక తిండి కాదు. ఆకలి మీదున్న మనవరాళ్ళని ఎదురుగా పెట్టుకుని తినగలిగిన ముసలిదాన్ని నేను మా ఊళ్ళో ఇంకెక్కడా చూడలేదు. తిండిపోతు మామ్మ అని చాటుగా పేరు పెట్టింది నేనే.

నా పదో ఏట, వేసంగిలో, గెడ్డ అవతల ఆశ్రమ పాఠశాల మాష్టారు ఒకాయన మా ఊరు వచ్చి, బడి ఈడు పిల్లల పేర్లు రాసుకుంటూ నా పేరూ రాసుకున్నాడు. అక్కడే ఉండి చదువుకోవచ్చునట, మూడుపూటలా అన్నం పెడతారట, రెండు జతల బట్టలిస్తారట. మా నాన్న సంతలో ఆకుపచ్చ రేకుపెట్టె కొన్నాడు, దాని మూత మీద రెండు చిలకలు. జూన్‌లో వెళ్ళాల్సింది. ఇంతలో అమ్మా నాన్నా అనంతగిరి వైపు కాఫీ తోటల్లో కలుపు పనికి వెళ్ళారు, సంత రోజుల్లో ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాళ్ళు. నన్ను గెడ్డ దాటించి బడిలో దింపే పని మామ్మకు అప్పగించి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో చోళ్ళ గాదె వెనకాల ఎలక చచ్చింది. రెండ్రోజులకు ఆ కంపు వీధిలోకి కొట్టింది. నేనూ చిట్టీ ముక్కు మూసుకుని బయట తిరుగుతున్నాం. మామ్మ మాత్రం అదే గాదెకు ఆనుకుని కూర్చుని, పొద్దుటినుంచి అడ్డాకులు కుడుతోంది. “మామ్మా, నీ పక్కన ఎలక కుళ్ళిపోతంది, తెలవట్లేదేటి?” అని నేను నవ్వుతూ అడిగాను. మామ్మ చేతిలో పుల్ల ఆగిపోయింది. నా మొహం చూసింది, గాదె వెనక్కి చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. ఆవిడ మొహంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు, ముందటి చలికాలం చలిజ్వరమొచ్చి ఆవిడ నెల్లాళ్ళు మంచం పట్టినప్పుడు కూడా చూడలేదు. ఆ జ్వరమే ఆవిడ ముక్కును తీసుకుపోయిందని, ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదని నాకు అప్పుడు అర్థమైంది. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“ఎవులికీ సెప్పకు. నా మీద ఒట్టు. ఈ వానలు అయ్యేదాకా నా కూడా ఉండు. తరవాత బడికి ఎల్దువు గాని.”

ఊరికి నమ్మకమైన ముక్కు ఇక లేదని చెప్పేస్తే ఏమవుతుంది అని ఇప్పుడు నేను తీరిగ్గా ఆలోచించగలను. అప్పుడు ఆవిడకు తీరిక లేదు, వానలు నెత్తిమీదున్నాయి. పోడు చేయలేని, కట్టెలు మోయలేని ముసలిదానికి ఊళ్ళో మిగిలిన మర్యాద ఆ ముక్కు ఒక్కటే. నాకు అదంతా పట్టలేదు. నాకు పట్టిందల్లా నా మణికట్టు మీద ఆవిడ వేళ్ళు.

అలా నేను మా మామ్మ ముక్కునయ్యాను. ఎవరైనా పిలిస్తే, ‘ఈ గుంటకి కూడా నేర్పుతన్నాను’ అని నన్ను తన నడుముకు అంటించి కూర్చోబెట్టుకునేది. బుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి తను వాసన చూసినట్టు చూసి, నాకూ చూపించేది. మంచిదైతే చీర చాటున ఒక గిల్లు గిల్లాలి, చెడ్డదైతే రెండు గిల్లాలి. మొదట్లో నాకది భలే సరదాగా ఉండేది. మా ఊళ్ళో మామ్మని గిల్లి దెబ్బలు తినకుండా బయటపడిన మొదటి మనిషిని నేనే, పాత కసి అంతా కలిపి గట్టిగా గిల్లేదాన్ని. ఆవిడ కనురెప్ప కూడా కదిపేది కాదు, ‘ఊఁ’ అనేది.

సరదా వారంలో పోయింది. మామ్మ నన్ను కళ్ళెదుటినుంచి కదలనిచ్చేది కాదు. ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కదా, నేను గెడ్డ ఒడ్డుకు పోయినా, పనస పిక్కలు కాల్చుకోవడానికి పక్కింటికి పోయినా, ‘ఓలె గుంటా, బేగి రాయే’ అని కేక. వాన పట్టిందంటే తొమ్మిది రోజులు, పది రోజులు వదిలేది కాదు. కొండలు కనిపించేవి కావు, కప్పు మీది గడ్డి కుళ్ళిన వాసన, పొయ్యి దగ్గర పచ్చి కట్టెల పొగ, ఆ పొగ బయటికి పోయే దారి లేక కళ్ళలోకే వచ్చేది. గోడ పక్కన ఆకుపచ్చ పెట్టె, దాని మీద రెండు చిలకలు. రోజూ మూత తీసి అందులో పెట్టుకున్న పలక, కొత్త గౌను చూసుకుని మళ్ళీ మూసేసేదాన్ని. జెండా పండగ లోపు రాకపోతే పేరు కొట్టేస్తానని మాష్టారు ఎవరితోనో కబురంపాడు. గెడ్డ ఒకరోజు మోకాలిదాకా ఉంటే మర్నాడు మనిషి లోతు. తగ్గిన రోజున మామ్మని అడిగేదాన్ని. రేపు అనేది. నాకు ఆ రేపు అన్న మాట మీదే అసహ్యం పుట్టింది. ఒక బుట్టలో పెట్టి మూత వేసి నన్ను అటకెక్కించినట్టు ఉండేది. చచ్చిపోతే బాగుండు ఈవిడ అని కూడా అనుకున్నాను, ఒకసారి కాదు చాలాసార్లు అనుకున్నాను, అది ఇప్పుడు దాచి ఏం లాభం.

జెండా పండగ ఇంక వారం ఉందనగా నాకు పడిశం పట్టింది. రెండు ముక్కులూ బిగుసుకుపోయి నోటితో ఊపిరి పీలుస్తున్నాను. పొయ్యిలో ఎండుమిరపకాయ పడ్డా తెలియడంలేదు. మామ్మకు చెప్పలేదు. చెబితే, ముక్కు వదిలేదాకా ఆగమంటుంది, అది వదిలేసరికి జెండా పండగ దాటిపోతుంది. ఉన్న బుట్టలన్నీ బేగి అయిపోతే నన్ను వదిలేస్తుందని నా లెక్క. ఆ వారంలోనే పక్కింటి సుక్కయ్య బాబాయి వచ్చి పిలిచాడు. వాళ్ళ బుట్ట ముందు కూర్చుని, మామ్మ గుప్పిట నా ముక్కు దగ్గరికి వచ్చినప్పుడు, గాలి కూడా ఆడని ముక్కుతో పీల్చినట్టు చేసి, ఒక్క గిల్లు గిల్లాను. మామ్మ నన్ను ఒకసారి చూసింది. తర్వాత ‘ఊఁ’ అంది. తన దోసెడు తెచ్చుకుని, కాచుకుని, గుమ్మంలో కూర్చుని తాగింది.

మూడురోజుల తర్వాత మా బుట్ట దింపాం. పైన కప్పు ఒకచోట కారుతోంది, బుట్ట అడుగు తడి తగిలి ముదురురంగు తిరిగి ఉంది. మామ్మ వేలితో ఆ తడిని తడిమింది. ఇంట్లో చోళ్ళు పూర్తిగా అయిపోయాయి, అంతకుముందు రెండురోజులూ అడవి దుంపలతో గడిపాం, చిట్టి కడుపు పట్టుకుని మూలుగుతోంది. నాకూ ఆకలే. మామ్మ గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. పెట్టి, మామూలు కంటే ఎక్కువసేపు ఉంచింది. నాకు ఏమీ తెలియలేదు. ఒక్క గిల్లు గిల్లాను.

మామ్మ ఎప్పటిలాగే దోసెడు వేరే తీసి, వార్చి, నూరి, కాచుకుంది. నేనూ చిట్టీ ఎదురుగా కూర్చున్నాం. చిట్టి ఏడ్చింది. ఆ రోజు మామ్మ దాని చేతి మీద కొట్టలేదు, “రేపు,” అని మాత్రం అంది. ఆ వేడి అంబలి ఆవిరి వైపు చూస్తూ నేను ఆవిడని ఎంత తిట్టుకున్నానో నాకు ఈ రోజుకీ మాటమాటా గుర్తుంది.

పశువులు ఇంటికి చేరే వేళకి మామ్మకు వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. కాసేపటికి గోడకు చేరగిలబడి, పిలిస్తే పలకడం మానేసింది, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడ్డంలేదు. నేను నీళ్ళు పట్టబోతే పళ్ళు కరుచుకుపోయాయి. బయట వాన. అమ్మా నాన్నా కొండల అవతల. సుక్కయ్య బాబాయిని పిలవాలంటే ఏం తిన్నదని అడుగుతాడు, ఏం తిన్నదో చెబితే మామ్మ ముక్కుకు ఎలా తెలియలేదని అడుగుతాడు. ఒట్టు. నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను, రెండుసార్లు అలా తిరిగాను, ఆ రెండుసార్లు తిరిగిన సేపు నన్ను ఇప్పటికీ వదల్లేదు. మూడోసారి వానలోకి పరిగెత్తాను.

“బాబాయ్, మామ్మకి వోసన తెలీదు! ఈ వానాకాలమంతా నేనే సూస్తన్నాను. నాకు పడిశం. మీ బుట్ట కూడా నేనే బాగుందన్నాను. నాకు తెలీదు, మీరు తినకండి!”

సుక్కయ్య బాబాయి పెళ్ళాం చేతిలో గరిటెతో అలాగే నిలబడింది. “తిని రెండ్రోజులైపోనాది కదే,” అంది మెల్లగా. వాళ్ళ పిల్లలు నలుగురూ పొయ్యి చుట్టూ బాగానే ఉన్నారు. సుక్కయ్య బాబాయి దుప్పటి, కర్ర తీసుకుని మా ఇంటికి పరిగెత్తాడు. కర్రకు దుప్పటి కట్టి డోలీ చేసి, ఇంకో ముగ్గుర్ని పిలిచి, చీకటి పడుతుండగా గెడ్డ దాటారు. నీళ్ళు వాళ్ళ రొమ్ముల దాకా వచ్చాయి, డోలీ నెత్తిన పెట్టుకున్నారు, నేను ఒకతని మెడ పట్టుకుని వేలాడాను. చిట్టిని వాళ్ళింట్లో వదిలాం. అక్కడినుంచి హుకుంపేట ఆసుపత్రి దాకా డోలీ వెనకాలే పరిగెత్తాను. మూడు నెలలుగా నేను దాటాలని కలలుగన్న గెడ్డని నేను అలా దాటాను.

ఆసుపత్రిలో మామ్మకు సెలైను పెట్టాక, నర్సమ్మ ఒకావిడ నన్ను బల్ల పక్కన నిలబెట్టి అడిగి రాసుకుంది. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది.

“ఇంట్లో ఇంకెవరు తిన్నారు? నువ్వు తిన్లేదా?”

“నేదు.”

“నీ చెల్లి?”

“నేదు. మాకెప్పుడూ పెట్టదు. ఎవులింటి జీడైనా ముందు తనొక్కతే తినీస్తాది. మాకు మర్నాడే పెడతాది,” అన్నాను. ఇన్నేళ్ళ ఫిర్యాదును వినిపించుకునే పెద్దమనిషి దొరికిందన్న ఉక్రోషంతో చెప్పాను.

నర్సమ్మ కలం ఆగింది. నా వైపు చూసింది. అప్పుడు నేను చెప్పిన మాట నా చెవిన నాకే పడింది. ఎవరింటి జీడైనా ముందు తనే. మాకు మర్నాడు. ఊరందరికీ మర్నాడు. వాసన చూసిన రోజు రోలు ముట్టకూడదు. అమ్మోరి కోపం. గుమ్మంలో కూర్చుని, మా మొహాలు చూస్తూ, చిట్టి చేతి మీద కొట్టి... నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. గుమ్మం దగ్గర నిలబడి విన్న సుక్కయ్య బాబాయి తల మీద చేతులు పెట్టుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళ బుట్ట బాగుందని చెప్పివచ్చిన మామ్మ, ఆ సాయంత్రమే మళ్ళీ వాళ్ళింటికి పోయి, బుట్ట మొత్తం గెడ్డలో పోయించి, ఇంటికొచ్చి జ్వరమని రెండురోజులు పడుకుంది. అప్పుడు అమ్మోరు చెప్పిందనుకున్నారట వాళ్ళు.

మూడోరోజుకి మామ్మ మాట్లాడింది. మొదట అడిగింది, బుట్ట పారబోశారా అని. పారబోశారని చెప్పాక కళ్ళు మూసుకుంది. తర్వాత ఎప్పుడో, నేను మంచం పక్కన ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుని, నాకు పడిశం ఉందని చెప్పలేదు మామ్మా, ఉత్తినే గిల్లాను అని ఒప్పుకున్నాను.

“నీ గిల్లు నాకు తెలీదేటి,” అంది. “ఆ రోజు గిల్లులో బలం నేదు. సుక్కయ్య కాడా నేదు.”

“మరి తెలిసీ ఎందుకు తిన్నావు?”

మామ్మ నన్ను వింతగా చూసింది, అంత పెద్ద పిల్లకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

“మరెవులు తింతారు?” అంది.

నేను ఆ వానాకాలంలోనే బడికి వెళ్ళాను. జెండా పండగ దాటిపోయింది, మాష్టారు పేరు కొట్టేసాడు, అయినా వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చోనిచ్చాడు, పేరు మళ్ళీ జూన్‌లో రాశాడు. నన్ను దింపడానికి మామ్మే వచ్చింది, డోలీలో వెళ్ళిన మనిషి పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చింది. మరుసటి ఏడు ఊళ్ళోవాళ్ళు తమ బుట్టల్ని తామే ఒక్కొక్క జీడి విరిచి చూసుకున్నారు, మామ్మను ఎవరూ పిలవలేదు, ఎవరూ దోసెడు ఇవ్వలేదు. ముసలిదానిచేత మళ్ళీ తినిపిస్తామా అన్నారట. వాళ్ళకు అది ప్రేమ. మామ్మకు అది పెద్ద తలవంపు. సెలవులకు నేను వచ్చినప్పుడు గుమ్మంలో కూర్చుని, చుట్ట ఆరిపోయినా తెలియకుండా, పిలుస్తారేమోనని దారి వైపు చూస్తూ ఉండేది. నాకు దొరికిన స్వేచ్ఛ వెల ఆవిడ కట్టిందని నాకు ఆ గుమ్మం చూసినప్పుడల్లా అనిపించేది. మరో ఆరేళ్ళు బతికింది.

ఇప్పుడు మా ఊరి గెడ్డ మీద వంతెన ఉంది. రేషన్ డిపో బియ్యం నెలనెలా వస్తాయి. ఇళ్ళకు శ్లాబులు పడ్డాయి, పొయ్యిలు పోయి గ్యాసు వచ్చింది, అటకలు లేవు, ఉన్నా కింద పొగ లేదు. వేసంగిలో టెంకలు దారి పొడుగునా పడి ఉంటాయి, ఎవరూ ఒళ్ళో కట్టుకోరు, పిల్లలకు పచ్చి జీడి నొక్కి దిక్కు అడగడం కూడా తెలియదు. ఆ జీడి తినాల్సిన అవసరం పోయినందుకు నాకు సంతోషమే, ఆ రోజులు బాగుండేవని నేను అనలేను, అవి బాగుండేవి కావు. వాసన చూసిన రోజు దంచకూడదన్న కట్టుబాటు మాత్రం ఎవరు పెట్టారో అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. మామ్మ కంటే ముందు ఇంకో ముసలమ్మ ఉండే ఉంటుంది. ఆవిడా తన దోసెడు తను ఒక్కతే తిని, తన మనవరాళ్ళ చేత తిట్లు తిని ఉంటుంది.

మొన్న స్టూలు దిగి ఆ అక్రోట్లు గచ్చు మీద పోసుకుని కూర్చున్నాను. పెంకు తీసినవి అన్నీ పసుపు తిరిగి, ముడతలు పడి, చేతికి జిడ్డు అంటుకుంటున్నాయి. వాటిని తీసి పారేశాను. పెంకుతో ఉన్న కాయల్లో ఆడిస్తే తేలిగ్గా గలగలమన్నవి తీసేశాను. మిగిలినవి ఒక్కొక్కటే పగలగొట్టి, విరిచి, వెలుతురుకు పెట్టి, వాసన చూసి ఏరితే చిన్న గిన్నెడు తేలాయి. తెల్లగా, టక్కున విరుగుతున్నాయి, బాగానే ఉన్నాయని పైకే అన్నాను. అప్పుడే బడినుంచి వచ్చిన మా అమ్మాయి గిన్నెలో చెయ్యి పెట్టబోయింది. దాని చేతి మీద ఒకటి వేశాను.

“ఏంటమ్మా! బాగున్నాయన్నావుగా?”

“రేపు పెడతాను.”

నేను నాలుగు బద్దలు నోట్లో వేసుకుని మెల్లగా నమిలాను. మిగతావి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేశాను. మా అమ్మాయి కాసేపు నన్నే చూసి, హాల్లోకి వెళ్ళి వాళ్ళ నాన్నతో చెబుతోంది, అమ్మ ఎంత తిండిపోతో చూశావా, నాకు ఒక్కటీ పెట్టకుండా ఎదురుగా కూర్చుని తినేసింది అని. చెప్పనిచ్చాను.